ఒక గంట వైధవ్యము

అమెరికాదేశపు రచయిత్రి కేట్ షోపాను 1894వ సంవత్సరమున “ఒక గంట కథ” యను చిన్న కథను రచించెను. అది రమారమి వేయి మాటలకు మించదు. మాలర్డు దొర రైలు ప్రమాదమున మరణించెనని వార్త వచ్చును. ఆయన భార్యకు గుండెజబ్బు గలదు గావున సోదరి జోసెఫీను ఆ మాటను మెల్లమెల్లగా తెలియజేయును. ఆమె తత్క్షణమే వెక్కివెక్కి యేడ్చి, పిదప ఒంటరిగా గదిలోనికి పోయి, తెఱచిన కిటికీ యెదుట కుర్చీలో కూలబడును. వెలుపల చిగిర్చిన చెట్లు, వాన వాసన, వీధిలో సరకులమ్మువాని కేక, పిచ్చుకల సందడి. అచ్చట దుఃఖమునకు మాఱుగ మఱియొకటి యామెను సమీపించును. దానిని త్రోసివేయ యత్నించి, త్రోయలేక, తుదకు తాను స్వతంత్రురాలనని యామె తనలో ననుకొనును.

భర్త క్రూరుడై యుండినచో నీ కథ మాకంత ముఖ్యముగ తోచియుండదు. ఆయన యామెను ప్రేమతో తప్ప చూచి యెఱుగడు. ఆయన శవమును చూచినపుడు మరల నేడ్చెదనని యామె యెఱుగును. రచయిత్రి యీ సాక్ష్యమును బుద్ధిపూర్వకముగనే యిచ్చినది. దుష్టుడైన భర్తపై మోపిన నేరము వానితోనే ముగియును. మంచివాని యింట నున్న భార్యకు గూడ ఊపిరి సలుపలేదన్నచో, విచారింపవలసినది మనుష్యుని గాదు, ఏర్పాటును. దయతో చేసినను, ఒకరి యిచ్ఛను మఱియొకరిపై రుద్దుట నేరమే యని యామెకా క్షణమున తోచును. మఱియొక చిన్న విషయము: అంతవఱకు కథలో నామె “శ్రీమతి మాలర్డు” మాత్రమే. లూయీస్ అను సొంత పేరు ఆ తరువాతనే, తలుపు వెలుపలనుండి సోదరి పిలుపులో, మనకు వినబడును.

న్యాయవాదులమగుట మాకిందొక పాత సూత్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆంగ్లేయుల పూర్వన్యాయము ననుసరించి భార్య వ్యక్తిత్వము భర్త వ్యక్తిత్వమున లీనమగును. ఒడంబడిక చేయుటకు, ఆస్తి నేలుటకు, వ్యాజ్యెము వేయుటకు విధవ సమర్థురాలు, సుమంగళి కాదు! న్యూయార్కు మొదలగు రాష్ట్రములు 1848 ప్రాంతమున చట్టములచే దీనిని సడలింప నారంభించెను. కాని కిటికీ యొద్ద కూర్చున్న యామె యాస్తిని గూర్చి యొక్క మాటయు తలపదు. రాబోవు దినములు తనవని మాత్రమే తలచును.

షోపాను 1882లో ముప్పదిరెండేండ్ల ప్రాయమున, ఆరుగురు బిడ్డలతో విధవయై, కొంతకాలము భర్త వ్యాపారమును తానే నడపెను. ఆమె తండ్రియు 1855లో రైలు ప్రమాదముననే మరణించెను. ఇంతమాత్రముచే కథను స్వీయచరిత్రగ చదువుట తగదు.

మన విధవలకును దీని నన్వయింపవచ్చునా? తొందరపడరాదు. లూయీస్ వైధవ్యము ఒక్క గంటది. సొమ్ములు తీయుట, కేశఖండనము, అశుభమను నింద యామె యెఱుగదు. మనదేశమున 1856 నాటి చట్టము పునర్వివాహమునకు ద్వారము తెఱచుచునే, మరల పెండ్లాడిన యామె మృతభర్త యాస్తిని వదలుకొనవలెనని విధించెను. అయినను, విధవను జాలికి మాత్రమే పాత్రముగ చూచుటకు అలవాటుపడిన మనకు, ఆమెకొక యిచ్ఛ యుండునని యీ కథ చూపుచున్నది.

తుదకు మాలర్డు దొర ప్రమాదపు సంగతియే యెఱుగక, సంచియు గొడుగును చేతబట్టుకొని యింటికి వచ్చును. ఆమె యక్కడికక్కడే ప్రాణము విడుచును. అమితానందముచే గుండె యాగెనని వైద్యులు తీర్పు చెప్పిరి. గదిలో జరిగినదానికి సాక్షి యెవ్వరును లేరు గదా. వారు మఱేమి చెప్పగలరు?