పేనుకొరుకుడు: పేలది కాదు తప్పు

తలపై రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే మన అనంతగిరి పల్లెల్లో పేనుకొరుకుడు అంటాం. దీనికి పేలు కారణం కాదు. ఒంట్లోని రక్షణ కణాలే పొరపాటున వెంట్రుకల కుదుళ్లపై దాడి చేస్తాయి. ఆ మచ్చ నున్నగా ఉంటుంది, ఎవరికీ అంటుకోదు. బడిలో ఆ బిడ్డను విడిగా కూర్చోబెట్టనక్కర్లేదు.

పొట్టు రాలుతూ, దురద పెడుతూ, వెంట్రుకలు విరిగిపోతుంటే అది తామర కావచ్చు. అది అంటుకుంటుంది; నోటి మాత్రలు వాడాలి. ఏదన్నది తేల్చాల్సింది చర్మవైద్యులే.

గురివింద గింజ నూరి రుద్దకండి, అది విషం. చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపే జుట్టు తిరిగి వస్తుంది. అవసరమైతే పూతమందు, ఇంజెక్షన్ ఇస్తారు.

దాతలారా, పేద బిడ్డను సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బస్సు ఛార్జీ కూడా సదఖాయే.