ఎడిటర్‌లోనే షెల్: విశాఖ సాంకేతిక కొలువులకు పునాది విద్య

1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం విశాఖపట్నంలో ఉపాధికి ఒక రూపాన్ని ఇవ్వగా, రుషికొండ, మధురవాడ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ ఆ రూపాన్ని మారుస్తున్నాయి. సర్వర్లలో అత్యధికం లినక్స్ మీదే నడుస్తాయి కనుక, వాటిని నిర్వహించే ఉద్యోగి రోజూ వాడవలసిన పనిముట్లలో కమాండ్ షెల్ మొదటిది. టైపు చేసిన ఆదేశాన్ని చదివి, ఆపరేటింగ్ సిస్టమ్ చేత ఆ పని చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. 1971లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌కు రాసిన చిన్న షెల్‌తో మొదలైన ఈ పరంపరలో, 1989లో బ్రయాన్ ఫాక్స్ రూపొందించిన బాష్ నేటికీ చాలా లినక్స్ యంత్రాల్లో తొలుత ఎదురయ్యే షెల్.

కళాశాలల్లో షెల్‌ను ఒక ప్రయోగంగా, ప్రోగ్రాము రాసే ఎడిటర్‌ను మరో ప్రయోగంగా విడదీసి నేర్పడం వల్ల, ఉద్యోగంలో ఈ రెండూ కలిసే నడుస్తాయన్న సంగతి విద్యార్థికి ఆలస్యంగా తెలుస్తుంది. ఓడరేవు పనిలో ఎదురయ్యే ఒక సమస్య ఈ కలయిక విలువను చక్కగా చూపుతుంది. ప్రతి సరుకు కంటైనర్‌కూ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 4 అక్షరాలు, 7 అంకెలు గల గుర్తింపు సంఖ్య ఉంటుంది. వాటిలో చివరి అంకె మిగిలినవాటిని సరిచూసే తనిఖీ అంకె. అక్షరాలకు నిర్ణీత విలువలిచ్చి, వాటినీ మిగిలిన అంకెలనూ ఒక్కొక్కదాని స్థానాన్ని బట్టి 2 ఘాతాలతో గుణించి, ఆ మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషమే ఆ అంకె. శేషం 10 అయితే 0గా తీసుకుంటారు. వేల వరుసల జాబితాలో తప్పు సంఖ్యలను పట్టాలంటే, రూపం చెడిన వాటిని గ్రెప్ అనే వెతుకులాట కమాండు ఒక్క ఆదేశంతో బయటపెడుతుంది గాని, తనిఖీ అంకెను లెక్కగట్టడానికి చిన్న స్క్రిప్టు రాయక తప్పదు. ఎడిటర్‌లో ఒక వైపు స్క్రిప్టు, మరో వైపు షెల్ తెరిచి ఉంటే, రాయడం, నడపడం, దోషం చూసి దిద్దడం ఒకే తెర మీద సాగుతాయి. షెల్ ఇచ్చిన ఫలితాన్ని మామూలు పాఠంలాగే వెతకవచ్చు, కత్తిరించవచ్చు, నివేదికలో అతికించవచ్చు.

ఎడిటర్‌లో షెల్ ప్రధానంగా రెండు రకాలుగా ఉంటుందన్న తేడా మొదటే తెలిసి ఉండాలి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లోని షెల్ మోడ్ వంటిది ఫలితాన్ని సాధారణ పాఠంగా చూపుతుంది కాబట్టి దిద్దుబాటుకు ఎంతో అనుకూలం. అయితే అది టెర్మినల్ రకాన్ని తెలిపే టర్మ్ అనే చలరాశికి డంబ్ అనే విలువనిస్తుంది, అంటే తెర అంతటినీ గీసే సామర్థ్యం లేదని ప్రోగ్రాములకు ముందే చెబుతుంది, అందువల్ల టాప్ వంటి పూర్తి తెర ప్రోగ్రాములు అందులో సరిగా నడవవు. 2018లో విమ్ ఎడిటర్ 8.1 కూర్పుతో వచ్చిన టెర్మినల్ కిటికీ, విజువల్ స్టూడియో కోడ్‌లోని టెర్మినల్ రెండో రకానివి. ఇవి అసలైన టెర్మినల్‌ను అనుకరిస్తాయి కనుక పూర్తి తెర ప్రోగ్రాములూ నడుస్తాయి. విమ్‌లో పాత ఫలితాన్ని పాఠంలా చదవాలంటే మాత్రం ముందు నార్మల్ మోడ్‌కు మారవలసి ఉంటుంది. ఈ రెంటికీ భిన్నంగా ఈషెల్ అనేది ఈమాక్స్ సొంత భాష అయిన లిస్ప్‌లోనే రాసిన షెల్ కాబట్టి, విండోస్ మీద కూడా దాని ప్రాథమిక కమాండ్లు ఒకే తీరున పనిచేస్తాయి.

అసలు చదువు అమరికలో ఉంది. బాష్‌ను లాగిన్ షెల్‌గా తెరిస్తే ఒక ఆరంభ ఫైలును, లాగిన్ లేకుండా ఆదేశాలు టైపు చేయడానికి తెరిస్తే బాష్ఆర్‌సీ అనే మరో ఫైలును చదువుతుంది. ఈ భేదం తెలియని అభ్యర్థి, టెర్మినల్‌లో పనిచేసిన కమాండు ఎడిటర్‌లో దొరకడం లేదన్న సందేశం చూసి సాఫ్ట్‌వేర్‌నే తిరిగి ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటాడు. డెస్క్‌టాప్ మీది చిహ్నాన్ని నొక్కి తెరిచిన ఎడిటర్‌కు, బాష్ఆర్‌సీలో రాసిన పాత్, అంటే కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా, అందకపోవడమే చాలాసార్లు దీనికి కారణం. అదే ఫైలులో పలకరింపు వాక్యాలు ముద్రించే ఆదేశం పెడితే దూరపు సర్వర్‌కు ఫైళ్లు పంపే కమాండ్లు విఫలం కావచ్చు. కనుక షెల్ ఎదుట మనిషి ఉన్నప్పుడే ఆ వాక్యాలు వెలువడేలా షరతు పెట్టాలి. ఎడిటర్ అనే చలరాశికి వాడుతున్న ఎడిటర్ పేరే ఇస్తే, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో వాటికి వివరణ రాసేటప్పుడు వేరే ప్రోగ్రాము తెరుచుకోకుండా ఉంటుంది.

విండోస్ ల్యాప్‌టాప్ గల విద్యార్థులు విజువల్ స్టూడియో కోడ్ టెర్మినల్‌లో సాధారణంగా పవర్‌షెల్‌ను చూస్తారు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే లినక్స్ ఉపవ్యవస్థను చేర్చుకొని, అమరికల్లో డిఫాల్ట్ ప్రొఫైల్‌ను దానికి మార్చుకుంటే, సర్వర్ల మీద వాడబోయే షెల్‌నే ఇంట్లో సాధన చేయవచ్చు. ఇందుకు కొత్త యంత్రం కొనవలసిన పని లేదు.

తెలుగు పాఠంతో పనిచేసేవారికి మరో విషయం ముఖ్యం. టెర్మినళ్లు ప్రతి అక్షరాన్నీ సమాన వెడల్పు గడిలో ఇరికిస్తాయి కాబట్టి గుణింతాలు, వత్తులు చెదిరిపోవడం మామూలే. 2020లో వెలువడిన ఈమాక్స్ 27 అక్షర రూపాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతుండడంతో, దాని గ్రాఫిక్ కిటికీలోని షెల్ మోడ్‌లో తెలుగు ఫలితాలు చదవదగిన రూపంలో కనిపిస్తాయి. ప్రజల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులోనే నమోదయ్యే ప్రభుత్వ సేవల రంగంలో ఈ సౌకర్యం చిన్నది కాదు. భాషా సాంకేతికత వైపు వెళ్లదలచినవారు దీన్ని తప్పక పరిశీలించాలి.

సిస్టమ్ నిర్వహణ, డెవాప్స్, డేటా ఇంజనీరింగ్ కొలువులకు ఈ నైపుణ్యం నేరుగా పనికివస్తుంది. రెడ్‌హ్యాట్ సంస్థ నిర్వహించే ప్రాథమిక నిర్వాహక పరీక్షలో అభ్యర్థి సమాధానాలు ఎంచుకోవడం ఉండదు. నడుస్తున్న యంత్రం మీద, షెల్‌లో, ఫైళ్లు దిద్ది పని పూర్తిచేసి చూపాలి. బాంబే ఐఐటీ స్పోకెన్ ట్యుటోరియల్ పథకం లినక్స్ పాఠాలను భారతీయ భాషల్లో ఉచితంగా అందిస్తోంది కాబట్టి, శిక్షణ కేంద్రాలకు రుసుము కట్టే ముందు వాటిని పూర్తిచేయడం మేలు. ఒక ఎడిటర్‌ను, ఒక షెల్‌ను ఎంచుకొని, ఆరంభ ఫైళ్లలో ప్రతి వరుసా ఎందుకుందో వ్యాఖ్య రాసి, ఆ ఫైళ్లను గిట్‌లో భద్రపరచిన అభ్యర్థి, ఇంటర్వ్యూలో ధ్రువపత్రంతో పాటు తన పనిని కూడా చూపగలుగుతాడు. చివరి సెమిస్టరు దాకా ఆగకుండా, రెండో సంవత్సరంలోనే ఈ సాధన మొదలుపెట్టాలి.