మిక్సీతో తేలిన రహస్యం



జనవరిలో మనం నాంపల్లి ఎగ్జిబిషన్‌కి పోయినప్పుడు ఒక స్టాల్లో మిక్సీ తిప్పి చూపించారు, గుర్తుందా? మర్నాడు ఆదివారం. ఆబిడ్స్‌కి నడిచిపోయినం. అక్కడ మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ముప్పై రూపాయలకు ఒక జీవశాస్త్రం పుస్తకం కొన్నాను. చూస్తే అందులో కూడా మిక్సీ! పచ్చడికి కాదు, వైరస్‌ల కోసం.

ఆ ప్రయోగం చేసినామె మార్తా చేజ్. 1927లో అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. 1950లో డిగ్రీ కాగానే కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్‌ఫ్రెడ్ హెర్షీ అనే శాస్త్రవేత్త దగ్గర సహాయకురాలిగా చేరారు. ఆయన పని బాక్టీరియోఫేజ్‌ల మీద. అట్లా ఈమె కూడా అందులోకి వచ్చారు.

బాక్టీరియోఫేజ్ అంటే బాక్టీరియాకి పట్టే వైరస్. పశువుకి పిడుదు అంటుకున్నట్టు బాక్టీరియాకి అంటుకుంటుంది. సుమారు అరగంటలో బాక్టీరియా పగిలి వందకు పైగా కొత్త ఫేజ్‌లు బయటికొస్తాయి. ఫేజ్‌లో ఉండేవి ముఖ్యంగా రెండే: పైన ప్రోటీన్ పెంకు, లోపల డి.ఎన్.ఎ. పిల్లలకి తల్లి పోలిక ఇచ్చేది ఏది? ప్రోటీనే అని అప్పట్లో చాలామంది అనుకునేవారు.

1952లో హెర్షీ, మార్తా దీన్ని తేల్చారు. మందలు కలిస్తే తెలియాలని మనం మేకల కొమ్ములకి రంగు పూస్తం కదా, అట్లనే వీళ్లు గుర్తు పెట్టారు. ప్రోటీన్‌లో గంధకం ఉంటుంది, డి.ఎన్.ఎ.లో ఉండదు. డి.ఎన్.ఎ.లో భాస్వరం ఉంటుంది. అందుకని కొన్ని ఫేజ్‌లకి రేడియోధార్మిక గంధకం, వేరే కొన్నిటికి రేడియోధార్మిక భాస్వరం పెట్టారు. వాటిని ఇ.కొలై బాక్టీరియా మీద వదిలి, కొన్ని నిమిషాలు ఆగి మిక్సీలో తిప్పారు. అంటుకున్న పెంకులు ఊడిపోయినయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో గిరగిర తిప్పితే బరువైన బాక్టీరియా అడుక్కి పోయింది, పెంకులు పైనీళ్లలో మిగిలినయి.

గంధకం చాలావరకు పైనీళ్లలోనే ఉంది. భాస్వరం ఎక్కువగా అడుగున, బాక్టీరియాతో ఉంది. పెంకులు ఊడినా ఆ బాక్టీరియాలోంచి కొత్త ఫేజ్‌లు పుట్టినయి! అంటే లోపలికి పోయి పని చేసింది డి.ఎన్.ఎ.

వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అప్పటికి మార్తాకి ఇంకా 25 నిండలేదు. కానీ 1969లో నోబెల్ బహుమతి హెర్షీకి, ఇంకా డెల్‌బ్రుక్, లూరియాలకి వచ్చింది. మార్తాకి రాలేదు. నాకైతే మంచిగనిపించలేదు. మా సైన్స్ సార్‌ని అడిగితే "ఆలోచన ఆయనది, చెయ్యి ఆమెది" అన్నారు. చెయ్యి లేకపోతే ఆలోచన ఏం చేస్తది సార్? సార్ నవ్వి ఊరుకున్నారు.

ఆమె చదువు ఆపలేదు. 1964లో డాక్టరేట్ తీసుకున్నారు. 2003లో చనిపోయారు.

పుస్తకం నా పెట్టెలో ఉంది. కావాల్సినవాళ్లు స్టడీ అవర్‌లో అడగండి. చివరి పేజీలు లేవు, కానీ మిక్సీ బొమ్మ ఉంది.