సభలో నోరు విప్పుట యెట్లు?

నిడదవోలు జంక్షనులో భీమవరము బండికై వేచియుండు విద్యార్థి, మైకులో తెలుగు, హిందీ, ఆంగ్లములలో వినవచ్చు ప్రకటనను ఒక్కమారు శ్రద్ధగా ఆలకించెనేని, వక్తృత్వమునందలి తొలిపాఠము అచ్చటనే బోధపడును. బండి సంఖ్య, పేరు, పోవు ఊరు, ప్లాట్‌ఫారము. భాష రెండుమార్లు మారినను ప్రయాణికునకు వలసిన విషయములలో ఒక్కటియు జారిపోదు.

ఇంటర్వ్యూలో తడబడు మన పిల్లలు ఆంగ్లము రాకపోవుటయే తమ లోపమని కుములుదురు గాని, పెక్కుమందికి అంతకుముందే విషయక్రమము కొరవడుచుండును. విషయక్రమము పట్టుకొనుటకు ఒక నిదర్శనము: 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమున ఆంగ్లమున ఉపన్యసింపగా, దృష్టిమాంద్యముతో బాధపడుచుండిన కవి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు సభలోనే దానిని తెనిగించిరి. అట్టి పనికి పదసంపద యొక్కటియే చాలదు. ఎదుటివాని వాదము ఎచట మొదలై ఎచటికి సాగుచున్నదో పట్టుకొనగల బుద్ధి వలయును.

ఇట్టి అభ్యాసమునకై నేడు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో జవహర్ నాలెడ్జి సెంటర్లును, ఇంజనీరింగు కళాశాలలలో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబులును గలవు. ఏ కోర్సులో చేరినను, వారమున కొక్కమారైన మీరు లేచి మాటలాడు వంతు వచ్చునా, విన్న అధ్యాపకుడు తప్పును విడమరచి చెప్పునా యని విచారింపుడు. నోట్సు వ్రాసికొని మార్కులు తెచ్చుకొనుట గోదావరి గట్టున కూర్చుండి ఈత నేర్చుటయే.

ఇంట చేయదగిన సాధన యొకటి చెప్పెదను. మీ చేలో దాళ్వా వరి నాటుమొదలు నూర్పువరకు జరుగు పనిని మూడంశములుగా విభజించి, మూడు నిమిషములు తెలుగున చెప్పి ఫోనులో రికార్డు చేయుడు. వినునప్పుడు ‘అంటే’, ‘యాక్చువల్‌గా’ అని ఎచట సాగదీసితిరో, అచ్చట విషయము తెగినదని గ్రహించి సవరింపుడు. పిమ్మట అదే వరుసను చిన్న చిన్న ఆంగ్లవాక్యములలో చెప్పుడు. గ్రూపు డిస్కషనునకు అవధానమే మనకు ఒరవడి: అప్రస్తుతప్రసంగి ఎంత చిందరవందర చేసినను అవధాని పద్యపు దారి తప్పడు, వానిపై కోపగింపడు.

ఈ సాధన బ్యాంకు కౌంటరు వద్దను, న్యాయస్థానమునందును, తరగతిగదిలోను అక్కరకు వచ్చును. రేపు ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనినప్పుడు బెదరక జంక్షనును స్మరింపుడు: ఏ ఊరినుండి బయలుదేరితిరి, ఏ దారిన వచ్చితిరి, ఎచటికి పోదలచితిరి. ఈ మూడును వరుసగా చెప్పినచో, వినువాడు మీ బండిని గుర్తుపట్టును.