కుడి భుజము పూర్తి కాకమునుపే

చిరంజీవియగు మేనల్లునకు మేనమామ దీవించి వ్రాయునది.

నీవు పంపిన నిఫ్టీ చార్టు చేరినది. దానిపై ఎఱ్ఱగీతలతో ఎడమ భుజమును, శిరస్సును, కుడి భుజమును గుర్తించి, పతనము తథ్యమని తలచి, రేపే పుట్ ఆప్షన్లు కొందునని వ్రాసితివి. గీతలు చక్కగనే గీచితివి గాని, ఆ కుడి భుజ మింకను సగమే ఏర్పడినది. ధర, శిరస్సున కిరువైపుల లోయలను కలుపు నెక్‌లైను గీతకు చాల ఎగువన నున్నది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది నీ నామకరణము.

హెడ్ అండ్ షోల్డర్స్ అను నీ ఆకృతిని షాబాకర్ 1932లోను, ఎడ్వర్డ్స్, మాగీలు 1948లోను తమ గ్రంథములలో వివరించిరి. వారు వర్ణించినది గీతల సౌష్ఠవమును గాదు, మనుష్యుల ప్రవర్తనను. కొంతకాలముగ పెరుగుచు వచ్చిన ధర యొక ఎత్తున కెగసి, లాభము చూచుకొన్నవారు అమ్ముటచే కొంత దిగి, క్రొత్తగ ప్రవేశించినవారి యుత్సాహముచే మునుపటి ఎత్తును దాటి, అటనుండి తొలి లోయ దాపునకే జారి, మూడవమాఱు లేవబోయి శిరస్సు నందుకొనజాలక వెనుదిరిగినపుడు, కొనువారి బలము క్షీణించెనేమో యను అనుమానము మనకు కలుగును. అది యనుమానము మాత్రమే. రెండు లోయలను కలుపు నెక్‌లైను క్రింద ఆ దినపు ధర ముగిసిననే అది సాక్ష్యమగును. మధ్యాహ్నమున క్రిందికి తొంగిచూచి, మూడున్నరకు మఱల పైన ముగిసినచో లెక్కకు రాదు.

నీవు చూచినది పదునైదు నిమిషముల చార్టు. అందు భుజములు దినమునకు రెండేసి పుట్టి గిట్టుచుండును. డైలీ చార్టు తెఱచి, ఈ శిఖరమునకు ముందు నిజముగ ఆరోహణ మున్నదా యని మొదట చూడుము. వారములతరబడి అడ్డముగ కదలిన ధరకు తిరోగమనమెక్కడిది? తరువాత వాల్యూము చూడుము. ఎడమ భుజమున హెచ్చుగనుండి, శిరస్సున తగ్గి, కుడి భుజమున మఱింత పలుచబడి, నెక్‌లైను తెగునపుడు పెరుగుట ప్రశస్త లక్షణము. నిఫ్టీ సూచియే గాని అమ్ముడుపోవు షేరు కాదు గనుక, దాని ఫ్యూచర్స్ వాల్యూము చూచుట మేలు.

నీ చార్టులో శిరస్సు 25,000, నెక్‌లైను 24,400. ఆ గీత తెగినచో ఆ 600 పాయింట్లను క్రిందికి కొలిచి 23,800 లక్ష్యమందురు. లక్ష్యమనగా అంచనాయే గాని వాగ్దానము గాదు. తెగిన పిమ్మట ధర నెక్‌లైనువఱకు మఱల వచ్చి తాకిపోవుటయు కద్దు; ఆలస్యమైనదని నీవు పరుగెత్తనక్కఱలేదు. కుడి భుజమునకు మీదుగ ముగిసినచో మాత్రము ఆకృతి చచ్చినదే, దానితో వాదింపకుము.

డబుల్ టాప్‌నకును ఇదియే న్యాయము: నడిమి లోయ తెగువఱకు అవి రెండు శిఖరములే. క్యాండిళ్లను గూర్చి చాల అడిగితివి. జపానుదేశపు వర్తకుల పద్ధతియని చెప్పబడు ఈ విద్యను స్టీవ్ నిసన్ 1991లో గ్రంథస్థము చేసి పాశ్చాత్యులకు పరిచయము చేసెను. షూటింగ్ స్టార్, ఈవినింగ్ స్టార్, బేరిష్ ఎంగల్ఫింగ్, వీని పేరులు కంఠస్థము చేయుట సులభమే. కాని హ్యాంగింగ్ మ్యాన్, హామర్ అనువానికి రూప మొక్కటే. పెరుగుదల చివర కనబడినది హెచ్చరిక, తరుగుదల చివర కనబడినది ఊరట. కాబట్టి క్యాండిల్ ఎచ్చట నిలిచినదో చూడక దాని యాకారమును చూచుట వ్యర్థము.

ఇంకొక మాట. ఈ ఆకృతులు చేతనున్న షేర్లను విడుచుటకు మంచి సాధనములు; పతనముపై పందెము వేయుటకు అంత మంచివి కావని నా యభిప్రాయము. క్యాష్ మార్కెట్టులో నీవంటివాడు షార్టు చేసి మఱునాటికి నిలుపుకొనలేడు గనుక ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపు పోవలసివచ్చును. 2021-22 మొదలు 2023-24 వఱకు ఆ రంగమున వ్యక్తిగత వ్యాపారులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించినది. పుట్ కొన్నవానికి ధర పడుట చాలదు, గడువులోపల పడవలయును; గడచు ప్రతి దినమును ప్రీమియమును కొంచెము తినిపోవును.

మన హైదరాబాదు సత్యం కంప్యూటర్సు కంపెనీని జ్ఞాపకము చేసికొనుము. 2008 డిసెంబరు నుండియే ఆ షేరు దెబ్బతినియుండెను; కాని 2009 జనవరి 7వ తేదీన దాని యధిపతి రామలింగరాజుగారు లెక్కల మోసము నొప్పుకొనిన యుత్తరము బయటపడిన నాడు ఒక్క దినమున నాలుగింట మూడువంతులకు పైగా విలువ తుడిచిపెట్టుకొనిపోయెను. అంతటి పతనమును ఏ భుజమును, ఏ శిరస్సును ముందుగ కొలిచి చెప్పలేదు.

24,400 క్రింద ఒక దినపు ముగింపు వచ్చినచో, ఆనాటి డైలీ చార్టును ఫ్యూచర్స్ వాల్యూముతో జతపఱచి పంపుము. నష్టమునకు హద్దగు స్టాప్‌లాసు ఎచ్చట నుంచెదవో ఆ యంకెను ఉత్తరపు మొదటి పంక్తిలోనే వ్రాయుము. ఆ యంకె లేని యుత్తరమునకు నేను జవాబీయను.

ఇట్లు,
నీ మేనమామ