ప్రశ్నలు - జవాబులు: షవర్‌కి కరెంటు ఎంత కావాలి?

ప్రశ్న: నల్లకుంటలో మాది పాతకాలపు డాబా ఇల్లు. పై అంతస్తు బాత్రూములో 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఉంది. చలికాలంలో షవర్ తిప్పితే సన్నటి ధారే వస్తుంది, కాస్త ఎక్కువ తిప్పితే చల్లబడిపోతుంది. ఈమధ్య ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయి. లండన్‌లో మా అబ్బాయి ఇంట్లో 9.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ ఉంది, నీళ్లు ధారాళంగా వస్తాయి. వైరు మార్పిస్తే మా ఇంట్లోనూ అలాంటిది పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఆ గీజర్ వాడకం ఆపేయండి. 3 కిలోవాట్లంటే 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు దాన్ని మోయగలదు, కానీ లోపలి పట్టు వదులైతే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కాలుతుంది. ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి. వెనకనున్న వైరు అల్యూమినియందైతే అదీ తీసేయించాలి. స్క్రూల దగ్గర త్వరగా వదులయ్యే గుణం దానిది.

ఇక లండన్ షవర్ సంగతి. 9.5 కిలోవాట్లంటే 41 ఆంపియర్లు. దానికోసం అక్కడ మెయిన్ బోర్డు నుంచి విడిగా 10 ఎంఎం కేబుల్ లాగుతారు. వాళ్ల కుళాయి నీళ్లు శీతాకాలంలో మన నీళ్లకన్నా బాగా చల్లగా ఉంటాయి కాబట్టి అంత శక్తి కావాలి. మన ట్యాంకు నీళ్లు చలికాలం పొద్దున సుమారు 20 డిగ్రీలుంటాయి.

నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 70 వాట్లు కావాలి. మీ గీజర్ 20 డిగ్రీల నీటిని 38కి తేవాలంటే నిమిషానికి రెండున్నర లీటర్లలోపే ఇవ్వగలదు. మీ ధార సన్నబడడానికి అదే కారణం. నిమిషానికి 7 లీటర్లు కావాలంటే ఇన్‌స్టంట్‌లో 9 కిలోవాట్ల దాకా వెళ్లాలి. పది నిమిషాల స్నానం కోసం ఇంటి వైరింగంతా మార్చేయడం నాకు సబబుగా తోచదు.

25 లీటర్ల స్టోరేజీ గీజర్ పెట్టించుకోండి. 2 కిలోవాట్లే కాబట్టి 9 ఆంపియర్లలోపు తీసుకుంటుంది. 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కడానికి సుమారు 35 నిమిషాలు, 1.2 యూనిట్ల కరెంటు. చన్నీళ్లు కలుపుకుంటే దాదాపు 50 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే 7 నిమిషాల నిండు షవర్.

ధార బలం మాత్రం కరెంటుతో రాదు, ట్యాంకు ఎత్తుతో వస్తుంది. ఒక మీటరు ఎత్తుకి వచ్చేది 0.1 బార్ ఒత్తిడే. ట్యాంకు డాబా మీదే కూర్చుంటే పై అంతస్తుకి నీళ్లు నీరసంగా దిగుతాయి. స్టాండు వేసి ట్యాంకు ఎత్తండి, లేదా ట్యాంకు నుంచి దిగే పైపుకి చిన్న ప్రెషర్ పంపు బిగించండి. జలమండలి నల్లా లైనుకి మాత్రం మోటారు పెట్టొద్దు, అది నిషిద్ధం.

గీజర్‌కి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా 4 ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, బాత్రూము బయట డబుల్ పోల్ స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇంతకన్నా ముఖ్యం ఎర్తింగ్. పాత ఇళ్లలో ఎర్త్ వైరును ఇనుప నీళ్ల పైపుకి చుట్టేవారు. తర్వాత పైపులు ప్లాస్టిక్‌వి వేయించాక ఆ ఎర్త్ ఎక్కడికీ పోకుండా గోడలోనే ఆగిపోయింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి కొలిపించి, అవసరమైతే కొత్త ఎర్త్ పిట్ తీయించండి. కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు చూడండి. ఏసీ, గీజర్, మోటారు కలిపితే అది దాటేట్టుంటే దక్షిణ తెలంగాణ డిస్కంకి అదనపు లోడు కోసం ముందే దరఖాస్తు చేయండి.

ప్రశ్న: ఉస్మానియాలో చదువుతూ అడిక్‌మెట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. హీటర్ రాడ్ వాడితే బకెట్ షాక్ కొడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ రాడ్‌ని ఇక వాడకు నాయనా. దాని పైతొడుగు పాడై కరెంటు నీళ్లలోకి వస్తోంది. గదికి ఎర్తింగ్ లేదనే అనుమానమూ ఉంది. 1500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, ఫ్యాను, లైట్ల బోర్డు మీది 6 ఆంపియర్ల సాకెట్‌కి అది ఎక్కువ. కొత్తది కొన్నా 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, ఇనుప బకెట్ వద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటపెట్టాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఎర్తింగ్ సరిచేయించడం ఇంటి యజమాని బాధ్యత, మొహమాటపడకుండా అడుగు.

ప్రశ్న: తార్నాకలో మా స్టోరేజీ గీజర్ కింద వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. బిరడా బిగించమంటారా?

జవాబు: వద్దు. నీళ్లు వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వ్ అది. మూసేస్తే ట్యాంకు పగిలే ప్రమాదముంది. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడితే ఫర్వాలేదు. గీజర్ ఆపినా కారుతుంటే వాల్వ్ మార్పించండి.