చలికాలంలో వెచ్చని రోజు: స్తోత్రమా, కలవరమా?



ఫిబ్రవరిలో కోటు లేకుండా ఆరాధనకు వెళ్లగలిగితే మనకెంతో హాయి. అంతలోనే “ఇది మంచికేనా?” అనే కలవరం. భూమి వేడెక్కేకొద్దీ ఇలాంటి రోజులు పెరుగుతున్నాయి. ఆ కలవరం అవిశ్వాసమా?

2024 ఫిబ్రవరి 26న డాలస్‌లో ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. అదే రోజు టెక్సస్ ఉత్తర కొసన కార్చిచ్చు రేగింది. దాన్ని అంటించింది కరెంటు స్తంభమే అయినా, ఎండుగడ్డి, వేడి, పెనుగాలి కలిసి 10 లక్షల ఎకరాలకు పైగా వ్యాపింపజేశాయి. వేలాది పశువులు చనిపోయాయి. ఒకరికి హాయినిచ్చిన రోజే మరొకరికి ఆపద.

ఆదికాండము 8:22లో ఋతువుల క్రమం ఆగదని దేవుడు వాగ్దానం చేశాడు. అయితే అంతకు ముందే, 2:15లో, తోటను కాపాడే పనిని నరునికి అప్పగించాడు. వాగ్దానం ఆ బాధ్యతను కొట్టివేయదు. సృష్టి మూలుగును గూర్చి రోమా 8:22 చెబుతుంది. దాన్ని వినడం అవిశ్వాసం కాదు, విధేయతే.

కాబట్టి వెచ్చని ఎండకు స్తోత్రం చెల్లించండి. నష్టపోయిన రైతుల కొరకు ప్రార్థించండి. వచ్చే ఆదివారం పొరుగు కుటుంబాన్ని మీ కారులోనే ఆరాధనకు తీసుకురండి.

ధ్యానించండి: నా హాయికి వెల ఎవరు చెల్లిస్తున్నారు?